ఎడమ చేతి లెక్క: గ్యారేజీలో స్నేర్ సాధన డైరీ

2025 ఆగస్టు 10, ఆదివారం

నిన్న రాత్రి ఇండియానాపొలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియంలో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ కవాతు బృందాల పోటీ ఫైనల్స్ చూసి, అర్ధరాత్రి దాటిన తరువాత ఇల్లు చేరాము. 1940లో ఏర్పడిన బోస్టన్ క్రూసేడర్స్ బృందం ఎనభై అయిదేళ్ల తరువాత ఈ ఛాంపియన్‌షిప్‌ను తొలిసారి గెలుచుకుంది. ఫలితం ప్రకటించిన క్షణంలో స్టేడియం దద్దరిల్లింది. అయినా ఈ ఉదయం కాఫీ తాగుతున్నప్పుడు నాకు గుర్తుకు వచ్చినది అంతకు చాలా ముందు, సాయంత్రం, బయటి పార్కింగ్ స్థలంలో చూసిన దృశ్యం. ఒక బృందపు స్నేర్ వరుస, అంటే స్నేర్ అనే డోలును పుల్లలతో వాయించేవారి వరుస, అక్కడ వార్మప్ చేస్తోంది. తొమ్మిదిమంది కుడి చేత్తో ఎనిమిది దెబ్బలు, ఎడమ చేత్తో ఎనిమిది దెబ్బలు, మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ వాయిస్తున్నారు. అంతకు మించి ఏమీ లేదు. కళ్లు మూసుకుంటే ఒక్క డోలు వినబడింది, కళ్లు తెరిస్తే పద్దెనిమిది చేతులు కనబడ్డాయి.

చిన్నతనంలో ఖమ్మంలో అయిదేళ్లు మృదంగం నేర్చుకుని, ఇంజనీరింగు చదువు పేరు చెప్పి దాన్ని అటక ఎక్కించినవాణ్ణి నేను. మా అమ్మాయి ఇక్కడి హైస్కూలు మార్చింగ్ బ్యాండులో రెండేళ్లుగా స్నేర్ వాయిస్తోంది. ఆ ఎనిమిది దెబ్బలు నేను కూడా ఒక వారంలో పట్టేయగలనని కారులో అన్నాను. ఆమె నవ్వలేదు, వాదించలేదు, "అయితే వాయించి చూపించు నాన్నా" అంది. ఈ డైరీకి మూలం ఆ మాటే.

తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. డ్రమ్ కోర్ అంటే ఇత్తడి వాయిద్యాలు, డోళ్లు, జెండాలు తిప్పే కలర్ గార్డు కలిసిన కవాతు బృందం. ఇందులో క్లారినెట్, ఫ్లూట్, శాక్సోఫోను వంటివి ఉండవు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత మాజీ సైనికుల సంఘాల నీడలో పెరిగిన ఈ సంప్రదాయానికి 1971లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే ఉమ్మడి సంస్థ ఏర్పడింది. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో మొదటి ఛాంపియన్‌షిప్ జరిగితే, కాలిఫోర్నియాకు చెందిన ఆనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచారు. ఈ ఛాంపియన్‌షిప్‌కు పోటీపడే బృందాల సభ్యులు ఇరవై రెండేళ్లు దాటనివారై ఉండాలి. వారికి జీతం ఉండదు సరికదా, తామే వేల డాలర్ల రుసుము కట్టి, వేసవి అంతా పాఠశాలల వ్యాయామశాలల నేల మీద పడుకుంటూ, రాత్రుళ్లు బస్సుల్లో ప్రయాణిస్తూ, పన్నెండు నిమిషాలకు మించని ఒక ప్రదర్శనను రోజుకు పది పన్నెండు గంటలు సాధన చేస్తారు.

నా వయసు నలభై నాలుగు కనుక అలాంటి బృందంలో చేరే ప్రశ్న లేదు. నా లక్ష్యం చిన్నది. వచ్చే మార్చి ఆఖరులోగా మా అమ్మాయి పక్కన నిలబడి, నిమిషానికి 120 బీట్ల టెంపోలో, పదహారు బార్ల (తాళపు ఆవృత్తాల) అభ్యాసం ఒకటి ఆమెతో కలిపి ఒకే డోలులా వాయించాలి. దానికి కావలసిన పరికరాలు వీలైనంతవరకు ఇంట్లోనే తయారు చేసుకోవాలి. ఎక్కడ ఎంత తప్పుతున్నానో అంచనాగా చెప్పుకోకుండా కొలిచి రాసుకోవాలి.

ఆగస్టు 24, ఆదివారం

మార్చింగ్ స్నేర్ కొనే ఆలోచన మొదటే మానుకున్నాను. ధర ఒక కారణం, ఇరుగుపొరుగు రెండవ కారణం. ఈ డోలు పైమూత కెవ్లార్ జాతి నారతో నేసినది. 1980ల చివరలో ఈ మూతలు వచ్చాక, అంతకు ముందు ప్లాస్టిక్ మూతలు తట్టుకోలేని బిగువుకు డోలును బిగించడం సాధ్యమైంది. దెబ్బ బల్ల మీద కొట్టినట్లు పొడిగా, కోసినట్లు తెగుతుంది. స్టేడియం చివర కూర్చున్నవారికి కూడా ప్రతి దెబ్బ విడిగా వినబడటానికి ఆ పొడిదనమే కారణం. తప్పు దాచుకోవడానికి చోటు లేకపోవడానికి కూడా అదే కారణం. మృదంగానికి ఉన్న నాదం, అంటే దెబ్బ తరువాత మిగిలే ధ్వని, ఇక్కడ దాదాపు లేదు. ఒక దెబ్బ కాస్త ఆలస్యమైనా నాదం వచ్చి దాన్ని కప్పదు.

కాబట్టి డోలుకు బదులు సాధనకు వాడే ప్యాడ్ తయారు చేశాను. అర అంగుళం ప్లైవుడ్‌ను పన్నెండు అంగుళాల వ్యాసంతో గుండ్రంగా కోసి, అంచులు ఇసుక కాగితంతో రుద్ది, పైన పావు అంగుళం మందం ఉన్న సహజ రబ్బరు షీటు అతికించాను. అడుగున జారకుండా పలుచని ఫోమ్ పెట్టాను. మొదటి ప్రయత్నంలో జిగురు రెండు వైపులా రాసి, అది ఆరే వరకు ఆగకుండా తొందరపడి అతికించడం వల్ల మధ్యలో గాలి బుడగ మిగిలిపోయింది. పుల్ల అక్కడ పడినప్పుడల్లా చచ్చు ధ్వని వచ్చేది. రబ్బరు ఊడదీసి, పాత జిగురు గీకి, రెండవసారి పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, చపాతీ కర్రతో మధ్య నుంచి అంచులకు ఒత్తుతూ అతికించాను. చపాతీ కర్ర ఇప్పుడు గ్యారేజీ సామానులో చేరింది. దాని గురించి ఇంట్లో జరిగిన సంభాషణ ఈ డైరీకి అనవసరం.

అమ్మాయి వచ్చి నాలుగు దెబ్బలు కొట్టి చూసి, ఇది మరీ ఎగరేస్తోందని తేల్చింది. రబ్బరు ఎంత మందంగా ఉంటే పుల్లను అంత తేలికగా తిరిగి పైకి నెడుతుంది, మణికట్టు చేయవలసిన పనిని రబ్బరే చేసిపెడుతుంది. కిచెన్ కౌంటరుకు వాడే లామినేట్ ముక్క ఒకటి పాత సామానులో దొరికితే, దాన్ని అదే కొలతకు కోసి రబ్బరు మీద అతికించాను. ఇప్పుడు ఎగురుడు తగ్గింది, ధ్వని పొడిగా, పెద్దగా వస్తోంది. ప్యాడ్ పని ఇంతటితో ముగిసింది.

సెప్టెంబరు 13, శనివారం

మూడు వారాలుగా రోజుకు నలభై నిమిషాలు ఆ ఎనిమిదేసి దెబ్బలే వాయిస్తున్నాను. వీళ్ల భాషలో దీన్ని ఎయిట్స్ అంటారు. వారంలో పట్టేయగలనన్న మాటను ఈ డైరీ సాక్షిగా వెనక్కి తీసుకుంటున్నాను.

అసలు కష్టం ఎక్కడుందో తెలియడానికే నాకు రెండు వారాలు పట్టింది. మృదంగంలో రెండు చేతులకు రెండు వేర్వేరు ఉద్యోగాలు ఉంటాయి. రవ్వ ముద్ద అద్దిన ఎడమ మూత గంభీరంగా పలకాలి, కుడి మూత మీద వేళ్లు స్పష్టంగా మాట్లాడాలి. మా ఊళ్లో పెళ్లిళ్లకు, బోనాలకు వినిపించే డప్పులోనూ అంతే. కుడి చేతిలో పొట్టిగా, లావుగా ఉండే సిర్ర, ఎడమ చేతిలో సన్నగా, పొడుగ్గా ఉండే సిటికెన పుల్ల ఉంటాయి. పుల్లలే వేరయినప్పుడు రెండు చేతులు ఒకేలా పలకాలని ఎవరూ కోరరు, ఆ తేడాలోనే డప్పు అందం ఉంది. స్నేర్ వరుసలో కోరేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒకే బరువు, ఒకే పొడవు గల రెండు పుల్లలు ఒకే ఎత్తు నుంచి ఒకే చోట పడి ఒకే ధ్వని ఇవ్వాలి. వినేవాడికి ఇది కుడి దెబ్బ, ఇది ఎడమ దెబ్బ అని తెలియకూడదు. పైగా, పట్టు మాత్రం రెండు చేతులకు ఒకటి కాదు. చాలా బృందాలలో కుడి చేయి పుల్లను పైనుంచి పట్టుకుంటే, ఎడమ చేయి అరచేతిని పక్కకు తిప్పి, బొటనవేలి చీలికలో పుల్లను పడుకోబెట్టి పట్టుకుంటుంది. పూర్వం డోలును భుజాన పట్టీతో వేలాడదీసినప్పుడు అది ఒక పక్కకు ఒరిగి ఉండేది. ఆ వంపు అంచును దాటి వాయించడానికి పుట్టిన పట్టు ఇది. ఇప్పుడు డోలును చదునుగా నిలిపే, భుజాలకు తగిలించుకునే హార్నెస్‌లు వచ్చినా, పట్టు మిగిలిపోయింది. కుడి మణికట్టు కిందికీ పైకీ మడుస్తుంది, ఎడమ ముంజేయి తలుపు పిడిని తిప్పినట్లు తిరుగుతుంది. రెండు వేర్వేరు కదలికల నుంచి ఒకే ధ్వని రాబట్టాలి.

టెంపో 80 వద్ద నా కుడి చేయి మర్యాదగా ఉంటోంది. ఎడమ చేయి మూడో దెబ్బ దగ్గర అలసిపోయి, నాలుగో దెబ్బ నుంచి ఎత్తు తగ్గించుకుంటోంది. అమ్మాయి వంటింట్లోంచే విని "అయిదో దెబ్బ కనబడటం లేదు నాన్నా" అంటుంది. వినబడటం లేదని అనదు, కనబడటం లేదనే అంటుంది. వాళ్లు ధ్వనిని ఎత్తుతో కొలుస్తారు.

అక్టోబరు 5, ఆదివారం

ఎత్తు విషయం ఇంకాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ విద్యకు తాళంచెవి అక్కడే ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను. పుల్ల మొన మూత నుంచి మూడు అంగుళాలు లేస్తే ఒక ధ్వని, ఆరు లేస్తే ఒకటి, తొమ్మిదికి ఒకటి, పన్నెండుకు ఒకటి. మెల్లగా, గట్టిగా అనే మాటలు మనిషి మనిషికి మారతాయి, మూడు అంగుళాలు మాత్రం అందరికీ మూడు అంగుళాలే. తొమ్మిదిమందిని ఒకే ధ్వనికి తేవాలంటే వాళ్ల చెవులను నమ్మే ముందు కంటికి కనబడే కొలత ఒకటి పెట్టుకోవడం తెలివైన పని. దూరాన కూర్చున్న ప్రేక్షకుడికి కూడా ఆ పుల్లలు ఒకే గీత మీద లేచి పడటం కనబడుతుంది. చూపుకు మార్కులు, శ్రవణానికి మార్కులు రెండూ ఇందులోనే ఇమిడి ఉన్నాయి.

ప్యాడ్ వెనుక నిలువుగా ఒక తెల్లని పలక బిగించి, దాని మీద 3, 6, 9, 12 అంగుళాల వద్ద నాలుగు రంగుల టేపులు అతికించాను. ప్యాడ్ ఎత్తుకే ఫోనును స్టాండు మీద నిలిపి సెకనుకు 240 ఫ్రేముల వేగంతో చిత్రీకరించాను. ఒక్కో ఫ్రేముకు నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. తొమ్మిది అంగుళాల ఎయిట్స్ వాయించాననుకుని చూసుకుంటే, కుడి చేయి తొమ్మిదిన్నర నుంచి పది దాకా లేస్తోంది, ఎడమ చేయి ఎనిమిదితో మొదలై ఆరున్నరకు దిగజారుతోంది. వాయిస్తున్నంతసేపూ రెండూ సమానంగానే ఉన్నాయని ప్రమాణం చేయగలిగినంత నమ్మకంగా ఉన్నాను.

తరువాత ధ్వనిని ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో పెట్టి, దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి కొలిచాను. టెంపో 100లో పదహారో స్వరాలు, అంటే బీటుకు నాలుగు దెబ్బల చొప్పున వాయిస్తే, ఒక్కో దెబ్బకు 150 మిల్లీసెకన్లు రావాలి. కుడి నుంచి ఎడమకు మారేటప్పుడు నాకు 165 దాకా వస్తోంది, తిరిగి కుడికి వచ్చేటప్పుడు 136 వస్తోంది. అంటే ఎడమ చేయి ఆలస్యంగా వస్తోంది, కుడి చేయి ఆ నష్టాన్ని తొందరపడి పూడుస్తోంది. మొత్తం టెంపో తప్పడం లేదు కనుక బీటును వినిపించే పరికరం, మెట్రోనోము, నన్ను పట్టుకోలేదు. ఇంట్లో ఒకరు ఖర్చు చేస్తుంటే మరొకరు సర్దుకుపోతున్నట్లు, లెక్క చివరికి సరిపోతోంది గానీ సంసారం కుంటుతోంది.

అమ్మాయిని కూడా కొలిచాను. ఆమె తేడా నాలుగైదు మిల్లీసెకన్లు దాటలేదు. ఫలితం చూసి ఆమెకు సంతోషం కలగలేదు. ఆమె వయసు పిల్లలు కొందరు ఇంకా మేలుగా వాయిస్తారట.

నవంబరు 2, ఆదివారం

ఈ నెల పాదాల పని. డ్రమ్ కోర్‌లో ఎవరూ కూర్చుని వాయించరు, నిలబడి మాత్రమే వాయించేవారు ముందు వరుసలో మరింబా, వైబ్రఫోను అనే పలకల వాయిద్యాలు వాయించే బృందం ఒక్కటే. మిగిలినవారంతా అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం మీద ఒక ఆకారం నుంచి మరో ఆకారానికి కదులుతూ వాయించాలి. మైదానంలో అయిదు గజాలకు ఒక గీత ఉంటుంది. ప్రామాణిక అడుగు అంటే అయిదు గజాలకు సరిగ్గా ఎనిమిది అడుగులు, అంటే ఒక్కో అడుగు ఇరవై రెండున్నర అంగుళాలు. ఏ క్షణానికి ఎవరు ఎక్కడ ఉండాలో గీతల నుంచి ఎన్ని అడుగుల దూరమో చెప్పే అంకెలతో రాసి ఇస్తారు. ఆ బిందువును వాళ్లు డాట్ అంటారు, ఒక ప్రదర్శనలో ఒక్కొక్కరికి అలాంటి డాట్లు పదుల సంఖ్యలో ఉంటాయి.

ఇంటి ముందు డ్రైవ్‌వే మీద సుద్దతో అయిదు గజాల గీత గీసి, దాన్ని ఎనిమిది భాగాలు చేశాను. మడమ ముందు ఆని, పాదం మెల్లగా దొర్లి, వేళ్లు చివర ఆనాలి. నడుము పైభాగం నీళ్ల కుండ మోస్తున్నట్లు కదలకుండా ఉండాలి. టెంపో 180లో ఈ అడుగులు వేస్తే గంటకు ఆరు కిలోమీటర్ల పైచిలుకు వేగం వస్తుంది, అది చురుకైన నడక. అడుగు ముప్పై అంగుళాలకు పెరిగి టెంపో 200కు చేరితే తొమ్మిది కిలోమీటర్లు దాటుతుంది, అది పరుగు కిందే లెక్క. పరుగెత్తుతూ మూడు అంగుళాల ఎత్తు దాటకుండా మెల్లని రోల్ (ఎడతెగని దెబ్బల వరుస) వాయించడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

పక్కకు కదలడం మరీ చిత్రంగా ఉంటుంది. ఇత్తడి వాయించేవారు పక్కకు వెళ్లేటప్పుడు కాళ్లను ఆ దిశకు తిప్పి, నడుము పైభాగాన్ని మాత్రం ప్రేక్షకుల వైపు ఉంచుతారు. డోలు మోసేవారికి డోలు, హార్నెస్ అడ్డం కనుక నడుము అలా తిప్పడం కుదరదు, వాళ్లు ఒక కాలి ముందు నుంచి మరో కాలు దాటిస్తూ పీతలా నడవాలి. అందుకే దాన్ని క్రాబ్ స్టెప్ అంటారు. హార్నెస్‌తో కలిపి స్నేర్ బరువు పది కిలోల చుట్టూ ఉంటుంది. నాకు డోలు లేదు కనుక ఇరవై పౌన్ల సోనా మసూరి బియ్యం సంచిని వీపు సంచిలో పెట్టి, దాన్ని ముందు వైపుకు తగిలించుకుని క్రాబ్ స్టెప్ ప్రయత్నించాను. మొదటి రోజు ఆరో అడుగు దగ్గర గడ్డి మీద పడ్డాను, బియ్యం క్షేమం. పక్కింటి ఆయన కుక్కను నడిపించుకుంటూ వచ్చి చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు.

పడిపోవడం కంటె ముఖ్యమైన సంగతి ఒకటి గమనించాను. పాదం నేలను తాకే క్షణమే చేతులకు బీటు. పాదం తడబడితే చేయి తడబడుతుంది. డప్పు వాయిస్తూ అడుగు వేసేవారికి ఇది చెప్పనక్కరలేని విషయం. నేలమీద బాసింపట్టు వేసుకుని మృదంగం నేర్చుకున్న నాకు మాత్రం కాలితో తాళం మోయడం కొత్త.

నవంబరు 29, శనివారం

అమ్మాయి ఒక బృందానికి వీడియో పంపితే, శిబిరానికి రమ్మని పిలిచారు. శరదృతువులో బృందాలు అభ్యాసాల ప్రతిని విడుదల చేస్తాయి, పిల్లలు వాటిని వాయించి పంపుతారు, నవంబరు, డిసెంబరు నెలల్లో శిబిరాలు జరుగుతాయి. ఎంపికైనవారు మే నుంచి ఏదో ఒక కళాశాల ప్రాంగణంలో మకాం వేసి ప్రదర్శనను నేర్చుకుని, జూన్ చివర నుంచి ఆగస్టు రెండో వారం దాకా ఊరూరా తిరుగుతారు. నేను ఆమెను తీసుకువెళ్లి, తల్లిదండ్రులకు కేటాయించిన చోట రెండు రోజులు కూర్చున్నాను.

స్నేర్ వాయించేవారు అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. శిక్షకుడు మొదటి గంటన్నర సేపు ఎయిట్స్ తప్ప వేరే ఏదీ అడగలేదు. ముందు తొమ్మిది అంగుళాలు, తరువాత మూడు, ఆ పైన పన్నెండు. అప్పుడప్పుడు ఒకరిని మాత్రమే వాయించమనేవాడు, తరువాత అతని పక్కవాడిని కలవమనేవాడు, ఆ తరువాత ఇంకొకరిని. సెంటర్ స్నేర్ అని మధ్యలో నిలిచేవాడు ఒకడుంటాడు. మిగిలినవారంతా తమ వాదన అతనికి అప్పగించాలి. అతడు రవ్వంత తొందరపడితే అందరూ అంతే తొందరపడాలి. మెట్రోనోముకు సరిగ్గా వాయించి అతనితో విడిపోయినవాడిదే తప్పు. కచేరీలో మృదంగ విద్వాంసుడు గాయకుడిని అనుసరించడం నాకు తెలుసు, కానీ అక్కడ ఆయనకు తనదైన మాట ఉంటుంది. ఇక్కడ తొమ్మిదిమందీ తమ మాటను పూర్తిగా వదులుకుంటారు.

బాస్ డ్రమ్ముల పని చూసి మాత్రం నోరు తెరిచాను. అయిదు పరిమాణాల డోళ్లు అయిదుగురు మోస్తారు, ఒక్కో డోలుకు ఒక్కో శ్రుతి. ఒక వేగమైన పరుగును ఒకరు వాయించరు. తలా ఒక దెబ్బ చొప్పున పంచుకుని, వినేవాడికి ఒకే మనిషి అయిదు డోళ్ల మీద చేతులు పరుగెత్తించినట్లు వినిపించాలి. టెంపో 160లో పదహారో స్వరాల పరుగు అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య 94 మిల్లీసెకన్లు. మూడో బాస్ వాయించేవాడు తన ఒక్క దెబ్బ వేయాలంటే మిగిలిన నాలుగు దెబ్బలనూ మనసులో వాయించుకుంటూ ఉండాలి.

డిసెంబరు 21, ఆదివారం

అమ్మాయికి ఈసారి స్థానం రాలేదు. వచ్చిన కాగితంలో మూడు వాక్యాలు ఉన్నాయి. వాటిలో ఒకటి, తక్కువ ఎత్తు మీద ఎడమ చేతి డిడిల్ రెండో దెబ్బ బలహీనంగా ఉందని. డిడిల్ అంటే ఒకే చేత్తో వెంటవెంటనే వేసే రెండు దెబ్బలు. ఆమె రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి గ్యారేజీలో దీపం వెలుగుతుంటే వెళ్లి చూశాను, నా ప్యాడ్ మీద మూడు అంగుళాల టేపు ముందు నిలబడి, టెంపో 60లో ఎడమ చేత్తో డిడిళ్లు వాయించుకుంటోంది. నేను లోపలికి వెళ్లకుండా తిరిగి వచ్చాను. ఈ నెల నా సొంత పని పెద్దగా సాగలేదు.

2026 జనవరి 18, ఆదివారం

అభ్యాసాన్ని ఎంచుకున్నాము. నాలుగు బార్ల ఎయిట్స్, పుల్ల ఎత్తు మార్చే నాలుగు బార్ల ఎత్తుపల్లాలు, నాలుగు బార్ల పారడిడిళ్లు, చివరి నాలుగు బార్లలో ఫ్లాములు. పారడిడిల్ అంటే కుడి, ఎడమ, కుడి, కుడి. తరువాత ఎడమ, కుడి, ఎడమ, ఎడమ. ఫ్లామ్ అంటే ఒక పుల్ల తక్కువ ఎత్తు నుంచి రవ్వంత ముందు పడి, రెండవది ఎక్కువ ఎత్తు నుంచి వెంటనే పడి, రెండూ కలిసి ఒకే లావుపాటి దెబ్బగా వినిపించడం.

ఈ దెబ్బల అల్లికలకు రూడిమెంట్లని పేరు. 1933లో షికాగోలో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘపు సమావేశానికి వచ్చిన కొందరు డ్రమ్మర్లు కలిసి వీటిలో ఇరవై ఆరింటిని ప్రామాణికంగా నిర్ణయించారు. 1984లో పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ అనే తాళవాద్యాల సంస్థ ఆ జాబితాను నలభైకి పెంచింది. డ్రమ్ కోర్ పిల్లలు అక్కడితో ఆగక, వాటిని ఒకదానితో ఒకటి కలిపి చీజ్, ఎగ్ బీటర్ వంటి వంటింటి పేర్లు పెట్టుకుంటారు.

నేను పారడిడిళ్లను చేతి పేర్లతో కాక తకదిమి, తకదిమి అని నోటితో పలుకుతూ నేర్చుకున్నాను. నొక్కు మొదట త మీద, తరువాత క మీద, ఆ పైన ది మీద, చివరికి మి మీద పడేలా జరుపుతూ పోయాను. వీళ్లు దీన్ని గ్రిడ్ అంటారు. మా గురువుగారు ఒకే పాఠాన్ని మూడు కాలాలలో, అంటే మూడు వేగాలలో, వాయించమనేవారు. ఆ అలవాటు ఇక్కడ నన్ను ఆదుకుంది. అమ్మాయికి కూడా ఈ పద్ధతి నచ్చి, టెంపో తప్పకుండా ఒకటవ కాలం నుంచి రెండవ కాలానికి మారడం నాతో కలిసి చేసింది. ఆరు నెలల్లో ఆమెకు నేను నేర్పగలిగినది ఇదొక్కటే.

కొలతలు: టెంపో 100లో కుడి నుంచి ఎడమకు 156, తిరిగి కుడికి 145. ఎత్తు తేడా ఒక అంగుళం లోపు.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఎండ కాసింది కనుక దూరానికి సంబంధించిన ప్రయోగం ఒకటి చేశాము. ఫుట్‌బాల్ మైదానం వెడల్పు యాభై మూడు గజాల పైచిలుకు, అంటే సుమారు 49 మీటర్లు. ధ్వని ఆ దూరం దాటడానికి 0.14 సెకన్లకు పైగా పడుతుంది. టెంపో 120లో ఒక పదహారో స్వరం 0.125 సెకన్లు. అంటే మైదానం వెనుక అంచున వేసిన దెబ్బ ముందు అంచుకు చేరేసరికి ఒక స్వరం కంటె ఎక్కువ ఆలస్యమైపోతుంది.

ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలంలో 49 మీటర్లు కొలిచి, ముందు అంచున నేను, వెనుక అంచున అమ్మాయి నిలబడ్డాము. మొదట మెట్రోనోము స్పీకరును నా దగ్గర పెట్టి, ఆమెను తనకు వినబడిన బీటుకు వాయించమన్నాను. నా దగ్గర రికార్డయిన ఆమె దెబ్బలు 0.29 సెకన్లు వెనుకబడ్డాయి, బీటు వెళ్లడానికి ఒకసారి, దెబ్బ తిరిగి రావడానికి ఒకసారి. తరువాత స్పీకరును ఆమె వెనుక పెట్టాము. ఆమె దానికి వాయించింది, నేను నా దాకా వచ్చిన ఆమె ధ్వనికి వాయించాను. ఈసారి నా దగ్గర రెండూ ఒకటిగా వినబడ్డాయి. రిహార్సల్స్‌లో మెట్రోనోము స్పీకరును ఎప్పుడూ బృందం వెనుక పెట్టడానికి, ముందు వరుసలోని మరింబా వాయించేవారు కండక్టరు చేతులను నమ్మకుండా వెనుక నుంచి వచ్చే డోళ్లను వినడానికి కారణం ఇప్పుడు నాకు లెక్కతో సహా తెలిసింది. బల్ల ఎక్కి చేతులు ఊపే డ్రమ్ మేజర్ కూడా చాలాసార్లు డోళ్లవారి పాదాలను చూసే చేతులు కదుపుతారని అమ్మాయి చెప్పింది.

మార్చి 14, శనివారం

పది రోజులు విరామం. టెంపో తొందరగా పెంచాలని రోజుకు గంటన్నర వాయించడంతో ఎడమ ముంజేయి లోపలి వైపు నొప్పి పట్టింది. పుల్లను పిడికిలితో నలిపేస్తున్నానని, రబ్బరు, లామినేట్ తిరిగి ఇచ్చే బలాన్ని చేతిలోకి రానివ్వడం లేదని వీడియో చూస్తే అర్థమయింది. నొప్పి తగ్గాక పట్టు వదులు చేసుకుని టెంపో 84 నుంచి మొదలుపెట్టాను. ఆశ్చర్యమేమిటంటే, వదులు పట్టుతో చేయి మారే వ్యవధి ఇంకా మెరుగుపడింది.

మార్చి 28, శనివారం

ఈ రోజు ముగింపు పరీక్ష. మార్కుల పద్ధతి అమ్మాయి నిర్ణయించింది. ఇప్పటి పోటీలలో వంద మార్కులకు నలభై మొత్తం ప్రభావానికి, ముప్పై దృశ్యానికి, ముప్పై సంగీతానికి ఇస్తారు. సంగీతంలో డోళ్లకు విడిగా దక్కేది పది మార్కులే. 2014లో బ్లూ డెవిల్స్ బృందం సాధించిన 99.65 ఇప్పటికీ అత్యధిక స్కోరు. 1983 వరకు మాత్రం పద్ధతి వేరు. న్యాయనిర్ణేతలు మైదానంలో వరుసల మధ్య తిరుగుతూ, చెవిన పడిన ప్రతి తప్పుకు కాగితం మీద ఒక టిక్కు వేసేవారు. టిక్కుకు పదోవంతు మార్కు పోయేది. ఆ పద్ధతిలో అందరూ తప్పు జరగని సులువైన వాయింపు వైపు మొగ్గు చూపుతారని విమర్శ ఉండేది, 1984 నుంచి దాన్ని ఎత్తివేశారు. మా గ్యారేజీలో మాత్రం దాన్ని పునరుద్ధరించాము.

టెంపో 120. ఇద్దరం పక్కపక్కన నిలబడి, రెండు ప్యాడ్ల మీద, అడుగులు వేస్తూ వాయించాము. రెండవ ప్యాడ్ మొన్ననే చేశాను, ఈసారి జిగురు పూర్తిగా ఆరనిచ్చాను. ఎయిట్స్‌లో రెండు టిక్కులు. ఎత్తుపల్లాలలో నాలుగు, అన్నీ తొమ్మిది నుంచి మూడుకు దిగే చోటే. దిగువ ఎత్తుకు చేయి ఒక దెబ్బ ఆలస్యంగా వస్తోంది. పారడిడిళ్లలో ఒక్కటి. ఫ్లాములలో తొమ్మిది. మొత్తం పదహారు. పది లోపు రావాలన్నది ఆమె పెట్టిన గురి, అది అందలేదు.

ఫ్లాములలో ఒక టిక్కును నేను ఒప్పుకోలేదు. పద్నాలుగో బారు రెండో బీటు దగ్గర మేము విడిపోయిన మాట నిజమే కానీ, నేను సమయానికే ఉన్నానని నా వాదన. ఆమె కాసేపు ఆలోచించి వీడియో తెరిచింది. ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతూ వెళితే, మెట్రోనోము దీపం వెలిగిన ఫ్రేములోనే నా పుల్ల ప్యాడ్‌ను తాకింది, ఆమె పుల్ల దానికి మూడు ఫ్రేముల ముందే తాకింది. ఆమె ఏమీ అనకుండా నా కాగితం మీది టిక్కును కొట్టివేసి, పక్కన ఇంకో కాగితం తీసి, పైన తన పేరు రాసుకుని, దాని కింద ఒక టిక్కు వేసుకుంది.